మూడు ఉపన్యాసాలు, ఒక వల

1976 ఫిబ్రవరి 12, గురువారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు రాజమండ్రి స్టేషనులో ఈ ప్రయాణం మొదలైంది. రైలు మాత్రం ఆరూ ఇరవైకి మొదలైంది. రైళ్ళన్నీ ఇప్పుడు వేళకే నడుస్తున్నాయని ప్లాట్‌ఫారం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ నలభై నిమిషాలూ నేను ఆ గోడనే చదువుతూ కూర్చున్నాను.

ప్రయాణానికి కారణం మా అన్నయ్య కొడుకు ప్రభాకరం. వాడు బెజవాడ భవానీపురంలో ఉంటాడు. వాడూ వాడి స్నేహితులూ కలిసి విజ్ఞానాన్ని పల్లెలకు తీసుకువెళ్ళే సంఘం ఒకటి పెట్టారు. పల్లెలు రమ్మన్నాయా అని నేను అడగలేదు. ఈసారి ముగ్గురు పండితులను పిలిచారు. వైద్యంలో, వరి పైరులో, నైలాన్ వంటి కొత్త సరుకుల రసాయనంలో ఈ మధ్య జరిగిన పరిశోధనలను వారు జనానికి వివరించాలి. నన్ను పిలిచింది అనువాదానికి. ముగ్గురూ తెలుగువాళ్ళే. ఒకాయనది ఏలూరు, ఒకాయనది తెనాలి, మూడో ఆయనది గన్నవరం. అయినా వారి తెలుగును తెలుగువాళ్ళకు అర్థమయ్యే తెలుగులో చెప్పడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. ముప్పై నాలుగేళ్ళు ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని కాబట్టి, ఎవరికీ అక్కరలేనివాటిని కూడా ఓపికగా చెప్పడం నాకు అలవాటని వాడి నమ్మకం.

భవానీపురం

మా ఊళ్ళో రిక్షావాడు ముందు "దయచేయండి" అని ఎక్కించుకుంటాడు, దిగాక తగువు పెట్టుకుంటాడు. బెజవాడలో ఎక్కకముందే తగువు పూర్తవుతుంది. దిగేసరికి ఇద్దరూ అలిసిపోయి ఉంటారు కాబట్టి శాంతంగా విడిపోతారు. ఈ పద్ధతే నాకు నచ్చింది. స్టేషను నుంచి రూపాయిన్నర తీసుకున్నాడు. దారిలో కృష్ణ కనబడుతుందని ప్రభాకరం ఊరించాడు. కనబడింది, సినిమా బొమ్మల అట్టల మధ్య సందుల్లోంచి.

ప్రభాకరం భార్య మంచి పిల్ల. వడ్డిస్తూ, "మీరు గోదావరివాళ్ళని కారం తగ్గించి వేశాను పిన్నిగారూ," అంది. ఆ తగ్గించిన కారంతోనే నాకు వెక్కిళ్ళు పట్టుకుని, పెరుగన్నం దాకా వదలలేదు. మేము పులుసులో బెల్లం ముక్క వేస్తామని వీళ్ళు నవ్వుతారు. వీళ్ళు పెరుగన్నంలోకి ఎండుమిరపకాయ నంజుకుంటారు. మంట మీద మంట పెడితే చల్లారుతుందన్నది ఈ జిల్లా సొంత పరిశోధన. దాని మీద మాత్రం ఎవరూ ఉపన్యాసం ఏర్పాటు చేయలేదు.

హాలు మెట్లు

సభ సాయంత్రం ఐదింటికి. హాలు మెట్ల మీద ఒకామె కూర్చుని ఉంది. నలభై ఏళ్ళుంటాయి. పక్కన ఖాళీ ఎండుచేపల గంప, ఒళ్ళో కొత్త నైలాన్ వల మూట. గంప వాసన వస్తోందని గుమ్మంలో మనిషి లోపలికి పోనివ్వలేదట. గంపను బయట ఉంచి మనిషిని పోనివ్వవచ్చునన్న ఊహ అతనికి తట్టలేదు. కాపలా ఉద్యోగానికి అంత ఊహ అక్కరలేదనుకుంటాను.

పేరు వీరమ్మ. బందరు అవతల సముద్రపు ఒడ్డు పల్లె. ఎండుచేపలు అమ్ముకుని, వన్‌టౌనులో వల కొనుక్కుని వెళుతుంటే కొట్టువాడు మా సభ కాగితం చదివి వినిపించాడట.

"నైలాను కనిపెట్టినాయన లోపలున్నాడంటగా అమ్మగోరూ. ఆయన్నొక్క మాట అడగాలండి."

ఆయన కనిపెట్టలేదని, కనిపెట్టినవాళ్ళ గురించి చదివాడని చెప్పాను. ఆమెకు ఆ తేడా పెద్దదిగా తోచలేదు. తరువాత చూస్తే ఆయనకూ తోచినట్టు లేదు.

ఆమె గొడవ ఇది. నిరుడు వీరమ్మా, ఆమె తోడికోడలు సుందరమ్మా ఒకే రోజు, ఒకే కొట్లో, ఒకే రకం నైలాన్ వలలు కొన్నారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పడవ. ఏడాది తిరిగేసరికి వీరమ్మ వల చేత్తో లాగితే పుటుక్కున తెగుతోంది. పడిన చేప పడినట్టే చించుకుని పోతోంది. సుందరమ్మ వల మాత్రం నిక్షేపంలా ఉంది. వీరమ్మ ఒడ్డునంతా వెతికినా దొరకని పనిమంతురాలు. పాత నూలు వలల కాలం నుంచీ అలవాటుగా, వల ఒడ్డుకు రాగానే మంచినీళ్ళలో జాడించి, ఇసుక మీద పరిచి, పొద్దుగూకేదాకా అటూ ఇటూ తిరగేసి ఎండబెడుతుంది. వల ఎండబెట్టని ఆడదాన్ని ఆ పల్లెలో ఆడది అనరట. సుందరమ్మ తన వలను పాకలో కుప్ప పోసి, పైన తాటాకు చాప కప్పి, వెళ్ళి పడుకుంటుంది.

ఇది చదువుతున్నవారికి ఈపాటికే విషయం అర్థమైపోయి ఉంటుంది. మాకు అప్పుడు అర్థం కాలేదు. మా వెంట ముగ్గురు పండితులున్నారు.

పాటుపడినదాని వల తెగి, పడుకున్నదాని వల నిలిస్తే పల్లెలో ఏమనుకుంటారు? వీరమ్మ కోపంలో నలుగురి ఎదుటా "నా వలకు దిష్టి పెట్టావే" అనేసింది. అప్పటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. పడవ అమ్మేసి విడిపోదామని తమ్ముడు అంటున్నాడు. మాఘ పౌర్ణమి వెళ్ళిన మర్నాడు కొత్త వల నీళ్ళలో పడాలి. ఆలోగా ఏదో ఒకటి తేలాలి.

"దిష్టి కాదండీ, సరుకే సెడ్డదని పెద్దాయన ఒక్క మాటంటే సాలు. మా ఆయనా మరిదీ మళ్ళా ఒక పడవెక్కుతారు. నేనన్న మాట నేనెట్టా తీసుకుంటానండి? ఆయన తీసెయ్యాలి."

ఆమెకు కావలసింది న్యాయం కాదు, తప్పించుకునే దారి. చాలామందికి శాస్త్రంతో పని అక్కడే పడుతుంది.

ఉప్పూ పంచదారా

గంపను మెట్ల పక్కన పెట్టించి, వీరమ్మను నాతో లోపలికి తీసుకువెళ్ళాను. ముందు డాక్టరుగారి వంతు. విరేచనాలతో పసిపిల్లల ఒంట్లో నీరు ఎలా పోతుందో, పేగు దాన్ని ఎలా తిరిగి పీల్చుకుంటుందో, పంచదార తోడుంటే ఉప్పు లోపలికి ఎలా పోతుందో ఆయన ఇంగ్లీషులో నలభై నిమిషాలు చెప్పారు. మధ్యలో "అండ్" బదులు రెండుసార్లు "మరియు" అన్నారు. అదే తెలుగు. నేను లేచి, విరేచనాలైన పిల్లకు కాచి చల్లార్చిన నీళ్ళలో కొలత ప్రకారం కాస్త ఉప్పూ పంచదారా కలిపి కొంచెం కొంచెంగా, మానకుండా పట్టమని చెప్పి, ఆ కొలతలూ చెప్పి కూర్చున్నాను.

అధ్యక్షులవారు నా వైపు ఒరిగారు. "అమ్మా, డాక్టరుగారు ఇంకా చాలా చెప్పారే?"

"చెప్పింది ఇదేనండీ. మిగతాది ఇంగ్లీషు."

సభకు ఆశాభంగమైంది. ముందు వరసలో పట్టుచీర కట్టుకున్నావిడ, ఉప్పూ పంచదారా అయితే డాక్టరెందుకని పక్కావిడను అడగడం నాకు వినబడింది. ఇంజక్షను లేని మందును బెజవాడలో మందని ఒప్పుకోరు. మా ఊళ్ళోనూ ఒప్పుకోరు గాని, పైకి చెప్పరు.

తరువాత రావలసినది నైలాన్ ఉపన్యాసం. దాని బదులు అధ్యక్షోపన్యాసం వచ్చింది. అది యాభై రెండు నిమిషాలు. వేదాల్లో విమానాల దగ్గర మొదలై ఆయన అల్లుడి ఉద్యోగం దగ్గర ఆగింది. ఆ వెనుక పదకొండు దండలు. మైకు అద్దెకిచ్చినవాడికీ ఒక దండ. వందన సమర్పణ సగంలో ఉండగా హాలువాళ్ళు ఫ్యాన్లు కట్టేశారు. నైలాన్ మరునాటికి వాయిదా పడింది. వీరమ్మ వల మూట ఒళ్ళో పెట్టుకుని, చివరి దండ దాకా కదలకుండా కూర్చుంది.

కంకిపాడు ఆమె దారిలోనే కాబట్టి రేపు అక్కడి సభలో అడగవచ్చునని ప్రభాకరం హామీ ఇచ్చాడు. వాడు హామీలకు ఎప్పుడూ లోటు చేయడు.

కంకిపాడు

శుక్రవారం ఉదయం సంఘం జీపులో బయలుదేరాం. డాక్టరుగారు బెజవాడలోనే ఆగిపోయారు. ముందు సీటులో వరి ఆయనా, నైలాన్ ఆయనా. వెనుక నేనూ, ప్రభాకరమూ, వీరమ్మా, ఆమె గంపా. బొమ్మలు చూపించే యంత్రం, దాని అద్దపు పలకల పెట్టె జీపు కప్పు మీద. నడిపేది కరీము.

నైలాన్ ఆయన ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని తూర్పువైపే చూస్తూ కూర్చున్నారు. వీరమ్మ సంగతి నేనే ఎత్తాను. ఆయన ఆసక్తిగా అడిగిన ప్రశ్నలు ఇవి: ఏ కంపెనీ, ఎన్ని పోగుల దారం, కంత వెడల్పెంత, నీటిలో ఉప్పు శాతమెంత. ఎండబెడతావా అని అడగలేదు. అన్నం వండేటప్పుడు పొయ్యి వెలిగిస్తావా అని ఎవరడుగుతారు? అందుకే వీరమ్మా చెప్పలేదు. కొట్లో చూపడానికి ఆమె గంపలో వేసుకొచ్చిన పాత వల ముక్క ఒకటి తీసుకుని కవరులో పెట్టి, పైన నంబరు వేసి జేబులో పెట్టుకున్నారు.

"పరీక్ష చేయకుండా ఏమీ చెప్పకూడదమ్మా. ప్రశ్నలుంటే ఉపన్యాసం అయ్యాక."

వీరమ్మకు ఇది తప్పుగా తోచలేదు. బండిలో అన్న మాట మాట కాదట, నలుగురిలో అంటేనే మాటట. కాబట్టి శాస్త్రమూ, పల్లె కట్టుబాటూ ఆ పన్నెండు మైళ్ళలో పూర్తి ఏకాభిప్రాయంతో ఉన్నాయి.

కంకిపాడులో సభ బియ్యం మిల్లు కళ్ళంలో. ముందుగా భోజనం. రెండుంపావలాకు భోజనం, మీగడ వేసిన ఉలవచారుకు విడిగా పావలా. మా వైపు ఉలవలు గిత్తలకు పెడతాం. ఇక్కడ చుట్టాలకు పెడతారు. ఒకసారి తిన్నాక గిత్తల మీద నాకు అసూయ కలిగింది. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి నా గొడుగు లేదు. హోటలువాడు నా కోసం బల్ల కింద కూడా వెతికాడు, చాలా మర్యాదగా.

వరి ఆయన తెలుగు కొంచెం నయం. సుడిదోమను తట్టుకునే కొత్త పొట్టి రకాల గురించి, ఏ వరిని ఏ అడవి వరితో కలుపుతున్నారో దాని గురించి చెప్పారు. రైతులు చెవులు రిక్కించి విన్నారు. దోమ తినేసిన పొలాలు ఆ కళ్ళానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి, గుండ్రంగా కాలినట్టు. ఒకాయన గడ్డి పొట్టిదైతే పాకలెలా నేస్తామని అడిగాడు. వెనకనుంచి మరో ఆయన విత్తనం ఎప్పుడిస్తారని అడిగాడు.

"ఇంకో మూడేళ్ళలో రావచ్చు."

"అయితే ఆ మూడేళ్ళూ ఆగమని దోమక్కూడా మీరే చెప్పి వెళ్ళండి."

వరి ఆయన కూడా నవ్వారు. ఆ మూడు రోజుల్లో నవ్విన పండితుడు ఆయనొక్కరే. ఆయన అక్కడే దిగిపోయారు కూడా.

ఇక నైలాన్ వంతు. తెర కట్టారు. యంత్రం బిగించారు. కరెంటు పోయింది. గంటంపావు చూశాం. బొమ్మలు లేకుండా నైలాన్ గురించి చెప్పలేనని ఆయన ఖండితంగా చెప్పేశారు. ఎదురుగా, రెండు గజాల దూరంలో, వీరమ్మ ఒళ్ళో బారెడు మూట నైలాన్ ఉంది.

జనం లేచి దుమ్ము దులుపుకుంటుంటే వీరమ్మ వచ్చి, "మా పల్లెకే రండి, మా పెద్దల ముందర సెప్పండి, కరెంటు పోయే బాధ లేదు, అసలు లేదుగా" అంది. సముద్రం చూడవచ్చునని నైలాన్ ఆయన ఒప్పుకున్నారు.

రెండిళ్ళ భోజనం

శనివారం పొద్దున్న పల్లె చేరాం. పాకలు, ఇసుక, ఒడ్డుకు లాగిన పడవలు, గాలికి ఎగిరే చిల్లుల చీరలు. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని కాబట్టి నీళ్ళంటే ఒక పక్కకు వెళ్ళేవనే అనుకుంటాను. ఈ నీళ్ళు వస్తాయి, వెళతాయి, మళ్ళీ వస్తాయి. మా ప్రభాకరం సంఘం తీర్మానాల్లాగా.

అక్కడొక ఆచారం ఉంది. తగువు వినడానికి వచ్చినవాళ్ళు రెండు పక్షాల ఇళ్ళలోనూ తినాలి. ఒక ఇంట్లోనే తింటే ఆ ఇంటి మనిషైపోతారు. బెజవాడ అధ్యక్షులవారికి ఈ ఆచారం చెప్పకపోవడం మంచిదైంది. వీరమ్మ ఇంట్లో రొయ్యల వేపుడు, శుభ్రమైన ఇత్తడి కంచాలు, అలికిన నేల. సుందరమ్మ ఇంట్లో పీతల పులుసు, మూలన తాటాకు చాప కింద కుప్పగా వల, గుమ్మంలో పడుకుని లేవని కుక్క. పులుసు మాత్రం సుందరమ్మదే బాగుంది. నేనా మాట పైకి అనలేదు. అప్పటికే ఒడ్డున తగువులు చాలినన్ని ఉన్నాయి.

సభ ఇసుకలో, పందిరి కింద. పల్లె పెద్ద, మరో నలుగురు, రెండు కుటుంబాలవాళ్ళు, మిగతా పల్లె. వీరమ్మ అప్పటికే కొత్త వలను జాడించి పందిరి ముందు ఎండలో పరిచింది. కొత్తదైనా సరే, నీళ్ళు తగిలాక ఎండబెట్టాలిగా. ఆమె కూతురు దాన్ని తిరగేస్తోంది. నైలాన్ ఆయన నీడలో నిలబడి చూసి, ఇంత పరిశుభ్రత పట్టణాల్లో కూడా లేదని మెచ్చుకున్నారు. ప్రభాకరం ఆ వల పక్కన ఆయన్ని నిలబెట్టి ఫోటో కూడా తీశాడు.

ఉపన్యాసం బొమ్మలు లేకుండానే సాగింది. పొడవాటి అణువుల గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయని ఆయన చెప్పారు. జాతరలో జనం చేతులు పట్టుకుని నిలబడ్డట్టు అని నేను చెప్పాను. వాళ్ళకు నచ్చింది. అప్పుడు వీరమ్మ లేచింది. చెంగు నడుముకు బిగించుకుని, తెగిన పాత వల పట్టుకుని నిలబడింది.

"అయ్యగోరూ, ఇది ఎందుకు తెగిందో సెప్పండి. సరుకా, దిష్టా?"

ఆయన జేబులోని కవరు తీసి అందరికీ చూపించారు. పరీక్షకు పంపుతానని, నివేదిక వచ్చేదాకా ఏ సంగతీ చెప్పడానికి వీల్లేదని అన్నారు. నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను.

పల్లె పెద్ద కాసేపు ఇసుక గీకుతూ ఆలోచించాడు. "విన్నారుగా అందరూ. సరుకు సెడ్డదని ఆయన అనలేదు."

"బాగుందనీ అనలేదు. తెలియదన్నారు," అన్నాను.

"అంత సదివినాయనకి తెలియకపోవడమేందండీ పంతులమ్మగోరూ. తెలిసే ఉంటది. పెద్దమడిసి గదా, ఆడమడిసి పేరు నలుగురిలో తీయలేక ఊరుకున్నాడు."

తెలియదన్న మాటను మర్యాదగా తీసుకునే చోటు నేను మరెక్కడా చూడలేదు. నైలాన్ ఆయన దీనికి అభ్యంతరం చెప్పలేదు. పెద్దమనిషి అన్నారు కదా.

సుందరమ్మ కూర్చున్నచోటు నుంచి కదలకుండానే, "నా కంటికంత బలముంటే ముందు మా ఆయన తాగుడు తెగేది," అంది. కొందరు నవ్వారు. దిష్టేనన్న తీర్పు మాత్రం మారలేదు. మరిది లేచి వెళ్ళి పడవకు ఆ చివర నిలబడ్డాడు. వీరమ్మ భర్త ఈ చివర నిలబడ్డాడు. ఇద్దరూ ఆ పడవనే చూస్తున్నారు.

వీరమ్మ గెలిచింది. నా పక్కకు వచ్చి కూర్చుని, "సరుకంటాడనుకున్నానండీ," అంది. ఆ తరువాత లేచి వెళ్ళి కొత్త వలను ఇంకోసారి తిరగేసింది.

హనుమాన్ జంక్షన్

ఆ రాత్రి బందరులో ఉండి, ఆదివారం ఉదయం గుడివాడ మీదుగా బయలుదేరాం. హనుమాన్ జంక్షన్‌లో నేను ఇంటికి బస్సెక్కాలి, వాళ్ళు గన్నవరం వైపు తిరగాలి. అక్కడ నాలుగు వైపులా లారీలే. టీ పాతిక పైసలు, మిరపకాయ బజ్జీలు నాలుగు నలభై పైసలు. బజ్జీ జోలికి నేను పోలేదు. వెక్కిళ్ళు ఇంకా గుర్తున్నాయి.

టీ గ్లాసులు చేతికి రాగానే జీపు మీద చప్పుడైంది. పెట్టెలకు కట్టిన నైలాన్ తాడు పుటుక్కున తెగి, అద్దపు పలకల పెట్టె రోడ్డు మీద పడింది. అణువుల గొలుసులన్నీ లారీల కింద ముక్కలై మెరుస్తున్నాయి. నైలాన్ ఆయన కరీము మీద విరుచుకుపడ్డారు.

"ఈ తాడు ఎన్నాళ్ళయింది ఇక్కడ?"

"రెండు వేసవులండీ. ఎప్పుడూ పైనే ఉంటది."

"రెండు వేసవులు ఎండలో వదిలేస్తావా? నైలాన్‌కు ఎండ పడదయ్యా! ఎండకు పెళుసెక్కి ఊడిపోతుంది. నీళ్ళలో ఎన్నాళ్ళున్నా ఏమీ కాదు గాని ఎండలో ఏడాది ఆగదు. చిన్నపిల్లలకు తెలుసు ఆ సంగతి."

నేను గ్లాసు బల్ల మీద పెట్టాను.

"ఆ చిన్నపిల్లల్లో ఒకరిని నిన్న పల్లెకు తీసుకువెళ్ళవలసింది," అన్నాను. "వీరమ్మ మీ ఎదుటే ఎండబెట్టింది వల. దాని పక్కన మీరు ఫోటో దిగారు."

ఆయన వంగి ఒక పలక ముక్క ఏరుకున్నారు. నిజాయితీగా ఆలోచించారనే అనుకుంటాను. "ఆమె వల గురించి అడిగిందండీ. ఎండ గురించి అడగలేదు."

వెనక్కు వచ్చి ఈ మాట పెద్దల ముందు చెప్పమన్నాను. సోమవారం ఆయనకు తరగతులున్నాయి. పోనీ కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. నివేదిక రాకుండా రాయకూడదట. అయితే ఇది చాలా మంచి ఉదాహరణ అనీ, వచ్చే ఉపన్యాసంలో దీనికొక కొత్త పలక చేయిస్తాననీ అన్నారు. పెట్టె ఎలాగూ ఖాళీ అయింది.

"అత్తా, నువ్వు వెళ్ళి ఏం చేస్తావు? ఉత్తరం రాద్దాంలే," అన్నాడు ప్రభాకరం.

"ఉత్తరం ఎవరు చదివి పెడతారురా ఆమెకు? ఇంకో పండితుడా?" అని గుడివాడ బస్సెక్కాను.

మళ్ళీ ఒడ్డున

పల్లె చేరేసరికి మూడు దాటింది. పడవ ఉండవలసినచోట ఇసుకలో పొడవాటి గాడి ఉంది. పౌర్ణమి మంచిరోజని ఆ ఉదయమే పక్క పల్లెవాడికి అమ్మేశారు. వాడు సముద్రపు పోటు మీద తీసుకువెళ్ళిపోయాడు. అన్నదమ్ములు డబ్బు చెరిసగం పంచుకుని చెరోవైపు వెళ్ళారు.

కొత్త వల ఇసుక మీదే ఉంది. వీరమ్మ దాన్ని తిరగేస్తోంది. ముందు దాన్ని నీడలోకి లాగమన్నాను, తరువాత కారణం చెప్పాను. నూలుకు తడి శత్రువు, దీనికి ఎండ శత్రువు, అంతే. నాలుగు రోజులు నాలుగు ఊళ్ళు తిరిగి తెచ్చింది ఈ ఒక్క ముక్కే.

వీరమ్మ రెండు చేతుల్లోనూ వల పట్టుకుని నిలబడిపోయింది. "అంటే, పాత వలను నేనే ఎండబెట్టి సంపానా అండీ?"

"నువ్వు నూలు వలను చూసుకున్నట్టే చూసుకున్నావు. ఇది నూలు కాదు."

"మరి సుందరమ్మ?"

"సుందరమ్మ ఏమీ చేయలేదు. అందుకే దాని వల బతికింది."

ఆమె పల్లె పెద్ద దగ్గరకు నన్ను తీసుకువెళ్ళింది. ఆయన నాకు కొబ్బరినీళ్ళు ఇచ్చి, అంతా విని, ఇంత సంగతైతే అయ్యగారే నిన్న చెప్పేవారు కదా అన్నాడు. ఆయన తరువాత రోడ్డు మీద చెప్పారన్నాను. రోడ్డు మీద మాట సభలో చెల్లదట. అయ్యగారు మళ్ళీ వచ్చి పందిరి కింద చెబితే సభ మళ్ళీ పెడతామన్నాడు. పడవ ఎలాగూ వెళ్ళిపోయింది కాబట్టి తొందర లేదన్నాడు.

తిరిగి వచ్చేసరికి సాయంత్రపు ఎండ వీరమ్మ ఇంటి చూరు కిందికి వాలుగా వచ్చి, లోపలికి లాగిన వల మీద పడుతోంది. ఆమె చీర చెంగు అడ్డం పెట్టి చూసింది. చాలలేదు. పక్క పాకలోంచి సుందరమ్మ వచ్చింది. పెద్ద దగ్గర ఏం జరిగిందో, నేనేం చెప్పానో ఆమెకు అప్పటికే తెలుసు. ఆ ఒడ్డున వార్తకు కరెంటు అక్కరలేదు. చేతిలో ఉన్న తాటాకు చాప వల మీద పడేసింది.

"కప్పుకో. పని సేయకుండా కూకోవడం ఎంత కట్టమో నీకిప్పుడు తెలుస్తది."

వీరమ్మ తలెత్తలేదు. చాప అంచులు నాలుగువైపులా సర్ది, గాలికి ఎగరకుండా ఒక మూల రాయి పెట్టింది. రెండో మూల సుందరమ్మ కాలితో తొక్కిపట్టి నిలబడింది. రాయి దొరికేదాకా నిలబడింది.

మర్నాడు సోమవారం. కొత్త వల నీళ్ళలో పడింది, వేరేవాళ్ళ పడవలోంచి, వాటా కూలికి.

ఇది మార్చి 21న రాస్తున్నాను. నివేదిక ఇంకా రాలేదు.

పోయినవి: నిరుటి వల ఒకటి. అద్దపు పలకలు పెట్టెడు. నా గొడుగు. నాకు మా చర్చిలో ఒక ఆదివారపు ఆరాధన. పరీక్షకని పట్టుకెళ్ళిన వల ముక్క, జానెడు. ఇద్దరన్నదమ్ములెక్కిన పడవ ఒకటి.